మెరుగైతే చాలు

మా పెరట్లో మామిడి చెట్టు కింద ఒక తెల్ల కారు ఉంది. అది తెల్లదని మాకు తెలుసు కాబట్టి అంటున్నాను. మొన్న మార్చిలో చూసినవాళ్ళెవరైనా బూడిద రంగు కారనే అనుకునేవారు. ముందు అద్దం మీద ఎండుటాకులు, పైకప్పు మీద కాకి రెట్టలు, తలుపుల మీద జిడ్డు, ఆ జిడ్డు మీద నల్లటి మసి. వెనక అద్దం మీద మా అబ్బాయి ఎప్పుడో వేలితో తన పేరు రాశాడు. దాని మీద మళ్ళీ దుమ్ము పడి ఆ పేరు కూడా కనిపించడం మానేసింది.

అది మా మామయ్యగారి కారు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కాఫీ తాగి, భుజాన తువ్వాలు వేసుకుని, కారు చుట్టూ తిరుగుతూ తుడుచుకునేవారు. "నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశారా మీ మామయ్యగారు?" అని అత్తయ్యగారు నవ్వేవారు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మావారు ఆఫీసుకి బైకు మీద వెళ్తారు. "ఒక ఆదివారం పూర్తిగా పెట్టుకుని, శుభ్రంగా కడిగి, పాలిష్ చేసి, అప్పుడు అమ్మేద్దాం" అనేవారు. ఆ ఆదివారం రెండేళ్ళయినా రాలేదు. ఈలోపు మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు కంటి డాక్టరు దగ్గరికి ఆటో ఎక్కి, ఆటో దిగి తిరుగుతూనే ఉన్నారు.

మార్చిలో పాత కార్లు కొనే ఆయన ఒకాయన వచ్చాడు. బానెట్ ఎత్తి చూడలేదు, తాళం అడగలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, చేతికి అంటిన మసి దులుపుకుని "40 వేలిస్తానండీ, అదీ పెద్దాయన కారని" అన్నాడు. మావారు "ఆలోచించి చెప్తాం" అన్నారు గానీ, ఆ గొంతు ఒప్పుకున్న గొంతే. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తయ్యగారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 40 వేలు తక్కువనో ఎక్కువనో కాదు. ఆ మనిషి వెల కట్టింది మురికికి. రెండేళ్ళుగా మేము చూస్తున్నదీ ఆ మురికినే. లోపల బండి ఎలా ఉందో ఎవరమూ చూడలేదు. పైన పేరుకున్నది చూసి "ఇక దీని పని అయిపోయింది" అని మాకు మేమే తీర్పు చెప్పేసుకున్నాం.

నా అభిప్రాయం ఏమిటంటే, చాలా ఇళ్ళల్లో వస్తువులు పాడయ్యేది పని ఎక్కువై కాదు. "చేస్తే పూర్తిగా చేయాలి, లేకపోతే ముట్టుకోకూడదు" అన్న పట్టింపు వల్ల. వంటింట్లో మనం ఎప్పుడైనా అలా ఉంటామా? స్టవ్ కొత్తదానిలా తళతళలాడే రోజు వచ్చేదాకా తుడవడం ఆపుతామా? రోజూ రాత్రి తడిగుడ్డతో ఒక తుడుపు తుడిచి లైటు ఆర్పేస్తాం. ఆ ఒక్క తుడుపుతోనే స్టవ్ పదేళ్ళు వస్తుంది. ఇంత తెలిసిన మనం కారు దగ్గరికి వచ్చేసరికి అది మగవాళ్ళ వ్యవహారం అని పక్కకి తప్పుకుంటాం. గ్యాస్ రెగ్యులేటర్ మారుస్తాం, మిక్సీ జారు బిగిస్తాం, కారులో మాత్రం ఎక్కి కూర్చుంటామంతే. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే కూర్చున్నాను.

"ఒక్క వారం ఆగండి" అని మావారితో చెప్పి, శనివారం పొద్దున్న ఆరున్నరకి బకెట్లు పట్టుకుని పెరట్లోకి దిగాను. ముందే ఒక నియమం పెట్టుకున్నాను. మూడు గంటలు, అంతకు మించి ఒక్క నిమిషం కూడా లేదు.

మొదట పొడిగుడ్డతో దులపబోయి ఆగాను. ఎండిన దుమ్ము ఉప్పుకాగితం లాంటిది, గుడ్డతో రుద్దితే రంగంతా సన్నని గీతలు పడతాయి. అందుకే ముందు పైపుతో పై నుంచి కిందికి నీళ్ళు పట్టి నాననిచ్చాను. మాడిన గిన్నె నానబెట్టడం మనకి ఒకరు నేర్పాలా? రెట్టల మీద తడిపిన పాత గుడ్డలు పది నిమిషాలు పరిచి ఉంచాను. ఆ రెట్టలకి రంగుని తినేసే గుణం ఉంటుంది, గీకితే రంగు కూడా లేచి వస్తుంది. నానాక వాటంతట అవే ఊడి వచ్చాయి.

జిడ్డూ మసీ మాత్రం మొండికేశాయి. మామిడి పూత మీద తేనెమంచు పురుగు వాలుతుంది కదా, అది తియ్యటి జిగురు కారుస్తుంది. ఆ జిగురు మీద నల్లటి బూజు పడుతుంది. మామిడి ఆకులు నల్లబడేదీ దానివల్లే, మా కారు నల్లబడిందీ దానివల్లే. చెట్టు నీడ చల్లగా ఉంటుందని అక్కడ పెట్టాం, పూతకాలంలో ఆ నీడే జిడ్డు పోసింది.

కడగడానికి రెండు బకెట్లు పెట్టుకున్నాను. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్ళు, ఇంకోదాంట్లో మామూలు నీళ్ళు. గుడ్డని మామూలు నీళ్ళలో జాడించి, పిండి, అప్పుడే షాంపూ నీళ్ళలో ముంచాలి. ఒకే బకెట్ అయితే తీసిన మట్టినే మళ్ళీ రుద్దుతాం. బట్టల పొడి వాడకండి. గిన్నెల సబ్బు కూడా రోజువారీకి పనికిరాదు, అది జిడ్డుతో పాటు మైనపు పూతనీ ఊడ్చేస్తుంది. పైకప్పు ముందు, చక్రాలు చివర. చక్రాల గుడ్డ వేరు, అది మళ్ళీ పైకి రాకూడదు. ఎండ రాకముందే కడిగి తుడిచెయ్యాలి, లేకపోతే ఆరిన నీటి మచ్చలు మిగులుతాయి.

వైపర్ల కింద జాలీలోంచి కుళ్ళిన ఆకులు రెండు గుప్పిళ్ళు తీశాను. వాననీళ్ళు పోయే దారి అదే. అది మూసుకుపోతే నీళ్ళు నిలిచి లోపల తుప్పు పడుతుంది. కారు మొత్తంలో నిజంగా ప్రమాదంగా ఉన్నది అదొక్కటే, అది తీయడానికి పట్టింది ఐదు నిమిషాలు.

తరవాత మైనం. బ్రెజిల్‌లో కార్నూబా అనే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం కలిపిన డబ్బా అది. పాలిష్ వేరు, మైనం వేరు. పాలిష్ పైపొరని సన్నగా అరగదీసి నునుపు చేస్తుంది. మైనం రంగు మీద పల్చటి పొరలా నిలిచి ఎండనీ నీళ్ళనీ కొంత ఆపుతుంది. గీతలు పోవు. ఓపిక తక్కువున్నవాళ్ళకి పాలిష్ జోలి వద్దు, మైనం చాలు. మొహానికి పౌడరు రాసుకున్నంత పల్చగా, ఒక్కో భాగానికి రాయాలి. ఆరి తెల్లగా పొర కట్టాక మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యాలి. ఎండా రెట్టా ఎక్కువ పడేవి పైకప్పూ బానెట్టూ కాబట్టి ముందు వాటికి, ఓపికుంటే తలుపులకి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి మాత్రం తగలనీయకండి. నేను వైపర్ల దగ్గర తగిలించాను, ఆ తెల్ల మరకలు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతున్నాయి.

పైకప్పు మధ్యకి నా చెయ్యి అందక స్టూలు కోసం చూస్తుంటే మావారు వచ్చారు. కాసేపు నిలబడి, "ఇలా ఇవ్వు, నీకు అందదు" అని గుడ్డ తీసుకున్నారు. దాన్ని నాలుగు మడతలు వేసి తుడవడం మొదలుపెట్టారు, అచ్చం వాళ్ళ నాన్నగారిలాగే. నేనేమీ అనలేదు. చక్రాలు మా అబ్బాయికి అప్పగించాను. అత్తయ్యగారు కాఫీలు తెచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి "చెయ్యి నిలవడం లేదే!" అన్నారు.

తొమ్మిదిన్నరకి ఆపేశాను. లైట్ల అద్దాలు పసుపు రంగులోనే ఉన్నాయి, సీట్లు దులిపానంతే, తలుపు మీద పాత గీత అలాగే ఉంది. షాంపూ, మైనం, మూడు గుడ్డలు కలిపి 700 రూపాయల లోపే అయింది.

"ఉన్న పనులు చాలక ఇదొకటా?" అని మీరు అనొచ్చు. నిజమే, మీ నెత్తిన ఇంకో పని పెట్టడం నా ఉద్దేశం కాదు. డబ్బిచ్చి చేయించుకోగలిగితే చేయించుకోండి. కాకపోతే వచ్చినవాళ్ళు ఒకే బకెట్ నీళ్ళతో కారంతా రుద్దేస్తుంటే ఆపమని చెప్పడానికైనా మనకి తెలిసి ఉండాలి కదా! ఇంకో మాట కూడా అంటారు, "పైన పటారం, లోన లొటారం" అని. అదీ నిజమే. రెండేళ్ళు కదలని కారుకి మైనం పూస్తే ఇంజన్ బాగుపడదు. కానీ పైన మెరిశాకే మాకు లోపల చూడాలన్న బుద్ధి పుట్టింది. సోమవారం మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు, పాత పెట్రోలు తీసేశాడు, టైర్లూ బ్రేకులూ చూశాడు. కారు కదిలింది.

తెలుగులో "మెరుగు" అంటే మెరుపూ అవును, ముందుకంటే బాగుండడమూ అవును. నగకి మెరుగు పెట్టించాం అంటాం, జ్వరం కాస్త మెరుగైంది అంటాం. రెండింటికీ ఒకే మాట పెట్టినవాళ్ళకి ఇల్లు నడపడం బాగా తెలిసే ఉంటుంది. కొత్తది కానక్కర్లేదు, నిన్నటికన్నా మెరుగైతే చాలు.

కారు అమ్మాలా ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అత్తయ్యగారు ఈమధ్య కంటి డాక్టరు దగ్గరికి దాంట్లోనే వెళ్ళొస్తున్నారు. రేపు అమ్మినా అది మేము కూర్చుని మాట్లాడుకుని చేసిన పని అవుతుంది. మా బదులు మురికి నిర్ణయించదు.

జూన్‌లో తొలి వానకి బానెట్ మీద నీళ్ళు తామరాకు మీద బొట్లలా నిలిచి జారిపోయాయి. అలా నిలిచినంతకాలం మైనం ఉన్నట్టే. మన ఎండలకి రెండు మూడు నెలలు ఉంటే గొప్ప. అందుకే వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన, గ్యాస్ బుక్ చేసిన తేదీ కింద "కారు మైనం" అని రాసి పెట్టాను. దాని పక్కన మావారి పేరు కూడా రాశాను.