అటకెక్కిన బ్యాటు

2024 జూన్ 6, గురువారం. డాలస్ దగ్గర గ్రాండ్ ప్రైరీ మైదానంలో అమెరికా, పాకిస్థాన్‌ల టీ20 ప్రపంచకప్ ఆట. అక్కడ పొద్దున్న పదిన్నర, మనకి రాత్రి తొమ్మిది. ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లిన మా మేనల్లుడు మధ్యలో ఫోన్ చేశాడు. "మావయ్యా, పడుకోకండి. ఇది ఇప్పట్లో తేలేలా లేదు."

తేలలేదు. పాకిస్థాన్ 159 కొట్టింది. అమెరికా గెలవాలంటే చివరి బంతికి అయిదు కావాలి. నితీశ్ కుమార్ ఫోర్ కొట్టాడు. స్కోర్లు సమం. సూపర్ ఓవర్లో అమెరికాకి 18 వచ్చాయి, అందులో ఏడు పాకిస్థాన్ బౌలర్ ఆమిర్ వైడ్లమీద వచ్చినవే. పాకిస్థాన్‌ని 13 దగ్గర ఆపినవాడు సౌరభ్ నేత్రావల్కర్, ఒరాకిల్‌లో ఇంజనీరు. 2010లో భారత అండర్-19 జట్టు తరఫున ప్రపంచకప్ ఆడాడు. క్వార్టర్ ఫైనల్లో ఆ జట్టుని ఓడించింది పాకిస్థానే. తర్వాత పై చదువుకని అమెరికా వెళ్లాడు. పద్నాలుగేళ్లకి మళ్లీ అదే ప్రత్యర్థి, చేతిలో ఒక్క ఓవరు. ఆ ఆరు బంతులూ నేను నిలబడే చూశాను.

వలస వచ్చినవాళ్ల జట్టు కదా, అది అమెరికా గెలుపేమిటని కొందరు తీసిపారేశారు. నాకు ఒప్పుదల కాదు. కెప్టెన్ మోనాంక్ పటేల్ మన దేశంలోని ఆనంద్‌లో పుట్టాడు, ఆరన్ జోన్స్ న్యూయార్క్‌లో పుట్టాడు. తొలిసారి ప్రపంచకప్ ఆడుతూ, ఒకప్పటి విజేతని ఓడించారు. పుట్టిన ఊరు అడిగి ఆ గెలుపుని తూచడం అన్యాయం.

నన్ను పట్టుకున్నది వేరే సంగతి. మా కోనసీమలో కొబ్బరి మట్ట చెక్కితే బ్యాటు. దాళ్వా కోతలయ్యాక చేలే మైదానాలు, మళ్లీ కాలువలు వదిలేదాకా. పదో తరగతి వచ్చిందంటే ఆట బందు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి టెస్టులు ఆడగలిగాడంటే హైదరాబాద్‌లో పెరిగాడు కాబట్టి కూడానని నా నమ్మకం. ఊళ్లోనే ఉండి ఆడదామనుకున్న పిల్లాడికి మనం చూపించిన దారేది? మండలానికి ఒక్క మంచి పిచ్, నేర్పే మనిషి ఒకరు. ఇంత పచ్చటి సీమలో అది గొంతెమ్మ కోరిక కాదు.

మా మేనల్లుడి బ్యాటు అటకెక్కించింది నేనే. ఇంటర్ మార్కులు ముఖ్యం అన్నాను. వాడు ఏడ్చాడు, చదివాడు, వెళ్లాడు. డాలస్‌లో ఉద్యోగం రాగానే మొదట కొన్నది బ్యాటే. వారమంతా కంప్యూటరు ముందు, శనివారం మ్యాట్ మీద లీగ్ మ్యాచ్. ఇన్నేళ్లూ దాన్ని నేను కాలక్షేపం అనుకున్నాను. నేత్రావల్కర్ ఓవర్ అయ్యాక వాడు ఫోన్‌లో మాట రాక అలా ఉండిపోయాడు. అప్పుడర్థమైంది, వాడినుంచి నేనేం తీసుకున్నానో.

ఆ శనివారం వాడి మ్యాచ్ అయ్యే వేళకి నేనే ఫోన్ చేసి, ఎన్ని కొట్టావురా అని అడిగాను. అలా అడగడం అదే మొదటిసారి.