మత్స్యశాస్త్రమున మన పాలు

ఎలమంచిలికి తూర్పుగా కొద్ది మైళ్ళు పోయినచో పూడిమడక రేవు వచ్చును. అక్కడినుండి భీమునిపట్నము వరకును గల తీరమున, సముద్రగర్భములోని రాతినేలలమీద వల విడిచినప్పుడు, ఒక్కొక్కసారి విచిత్రమైన చేప యొకటి చిక్కుచుండును. దాని మేనిపై ఎఱ్ఱనివియు గోధుమవన్నెవియు నగు పట్టెలుండును. వీపున ఈకలవలె నిక్కిన విషపు ముళ్ళును, విసనకఱ్ఱలవలె విచ్చుకొనిన రెక్కలును నుండును. విశాఖతీరపు జాలరులు దీనిని రెండువందల యేండ్లకు పూర్వమే కోడిపుంజు అని పిలిచిరి. చూచినవా రెవరును మఱచిపోలేని పేరది. ఆ పేరు 1803వ సంవత్సరమున లండను నగరమున అచ్చుపడిన యొక మహాగ్రంథములోని కెక్కి, అక్కడనుండి ప్రపంచపు ప్రాణిశాస్త్రములో స్థిరపడినది. దానిని చెప్పిన జాలరి పేరుమాత్ర మెక్కడను లేదు.

ఆ గ్రంథమును రచించినవాడు పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండుదేశీయుడు. ఈయన వృత్తిచే వైద్యుడు. పూర్వము సిరియాదేశములోని అలెప్పో పట్టణమున వైద్యము చేసినవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులోనున్న తమ్ముడు క్లాడ్ రస్సెలుకు విశాఖపట్టణమున ఉద్యోగము లభింపగా, ఆయనతో కూడ 1781లో బయలుదేరి మన తీరమునకు వచ్చెను. 1785లో ప్రకృతిశాస్త్రజ్ఞుడగు కోనిగ్ మరణింపగా, ఆ పదవి రస్సెలుకు వచ్చినది. 1789లో స్వదేశమునకు మరలిపోవువఱకు నీయన పాములను, చేపలను, మొక్కలను పరిశీలించుచు గడపెను. విషసర్పములను సామాన్యజనులు గుర్తింపగలుగుటకై 1796లో పాములగ్రంథమును వెలువరించెను. నేడు ప్రపంచమంతటను రస్సెలు పేరిట పిలువబడు పాము మన రక్తపింజరియే. ఆ గ్రంథములో దానికి గల పేరు కాటుకరేకులపొడ. తెలుగు చెవికి ఇంతకంటె సొంపైన పేరుండునా?

1803లో రెండు సంపుటములుగా వెలువడిన చేపలగ్రంథమున, విశాఖపట్టణమున సేకరించిన రెండువందల మత్స్యముల వర్ణనలును చిత్తరువులును గలవు. ఆ చేపలలో పెక్కింటికి రస్సెలు లాటిను పేర్లు కల్పింప బూనక, జాలరులు చెప్పిన పేర్లనే తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. నల్లచందువ, తెల్లచందువ, కొమ్ముసొర, తిమిరి మొదలగునవి వానిలో కొన్ని. ఉచ్చారణ వంకరపోయినను మాట మనదే. నేటికిని విశాఖ అంగడిలో చందువను బేరమాడు గృహిణికి ఆ పుట తెఱచి చూపినచో, బొమ్మను చూచి పేరు తానే చెప్పగలదు.

తరువాత ఫ్రాన్సుదేశమున కువియే, వలెన్సియెన్ అను పండితులు 1828 మొదలు 1849 వఱకు మత్స్యజాతుల బృహత్కోశమును సంపుటములుగా ప్రకటించినప్పుడు, రస్సెలు చిత్తరువులను ప్రమాణముగా గైకొనిరి. కొన్ని చేపలకు శాస్త్రనామములుగా మన తీరపు మాటలనే నిలిపిరి. జెల్లో, కుర్రా అను జాతినామము లట్లు పుట్టినవే. జర్మనుపండితులు 1839లో నొక సొరజాతికి సొర్రా యనియే పేరిడిరి. కోడిపుంజునకు 1831లో బెనెట్ అను పండితుడు రస్సెలు పేరే పెట్టెను. 1849లో బ్లీకర్ మఱియొక రాతిచేపకును ఆ పేరే యిచ్చెను. ఈ విధముగా గ్రంథకర్త చిరస్మరణీయుడైనాడు. అది యాయనకు తగిన గౌరవమే. దానికి మేమసూయపడుట లేదు. విన్న మాటను మార్చక వ్రాసిన నిజాయితీ యాయనయందున్నది. కాని తెప్పమీద ప్రాణములొడ్డి చేపను తెచ్చినవా డెవ్వడు? దాని పేరును, గుణమును చెప్పినవా డెవ్వడు? రంగులు మాయకముందే చిత్తరువు వ్రాసిన దేశీయ చిత్రకారు డెవ్వడు? ఈ ప్రశ్నలకు చరిత్ర మౌనమే వహించుచున్నది.

తిమిరి యను పేరొక్కటి చాలును జాలరుల విద్య యెంత లోతైనదో తెలుపుటకు. ఈ చేపను ముట్టినవాని చేయి తిమ్మిరెక్కును. దాని దేహములో విద్యుత్తును పుట్టించు అవయవములున్నవని పండితులు పరిశోధనలచే నిరూపించుటకు పదునెనిమిదవ శతాబ్దము రావలసివచ్చెను. విద్యుత్తు అను మాట యెఱుగని జాలరి, ముట్టిన ఫలమునుబట్టి ఆ చేపను ఇతర టేకులనుండి వేఱుపఱచి, దానికొక పేరిడి కొడుకునకు నేర్పెను. చూచుట, పోల్చుట, వేఱుపఱచుట, పేరిడుట: శాస్త్రమునకు మొదటి నాలుగు మెట్లివియే కదా!

ఇదియంతయు గడచిన కథ యని కొట్టివేయరాదు. నేటి పరిశోధకులు రాతిగుట్టలనడుమను పగడపుదిబ్బలలోను నివసించు చేపలు ఎట్లు పుట్టినవి, ఒక జాతి రెండుగా నెట్లు చీలినది అను విషయమును డి.ఎన్.ఏ. సాయమున విచారించుచున్నారు. రెక్కనుండి తీసిన చిన్న తునక యొక్కటి చాలును, ఆ చేప వంశవృక్షమును పఠించుటకు. సుమారు ఇరువదివేల యేండ్లక్రిందట, మంచుయుగమున, సముద్రము నేటికంటె నూటయిరువది మీటర్ల దిగువ నుండెను. అప్పుడు నేటి ఇండోనేషియా ద్వీపములలో పెక్కు ఒకదానితో నొకటి కలిసి, హిందూమహాసముద్రమునకును పసిఫిక్ మహాసముద్రమునకును నడుమ అడ్డుగోడవలె నిలిచెను. ఇట్టి మంచుయుగములు పలుమాఱులు వచ్చిపోయినవి. ఆ గోడకు ఈవలి చేపలు ఈవల, ఆవలి చేపలు ఆవల వేఱువేఱుగా పెరిగి, పెక్కుచోట్ల వేఱు జాతులైనవి. నీరు మరల పెరిగినప్పుడు కొన్ని తిరిగి కలిసికొనినవి.

మన కోడిపుంజు కుటుంబమే దీనికి దృష్టాంతము. ఈ కుటుంబములోని వొలిటాన్స్ అను జాతిచేప 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున మొదటిసారి కనబడెను. అది దాని స్వస్థలము కాదు. పెంచుకొనువారి తొట్లనుండి తప్పించుకొనినదో, విడువబడినదో, తరువాతి దశాబ్దములలో కరీబియను సముద్రమంతట నల్లుకొని, అక్కడి పగడపుదిబ్బలలోని చిన్నచేపలను దిగమింగి గొప్ప చేటు తెచ్చినది. అది యింత బలవంతముగా వ్యాపించుటకు మూలమేమని వెదకిన హవాయి, జపానుల పరిశోధకులు 2018లో నొక విషయమును ప్రకటించిరి. ఈ జాతి హిందూమహాసముద్రపు సంతతియొకటియు పసిఫిక్ సంతతియొకటియు కలియగా పుట్టిన సంకరజాతియై యుండునని వారి నిర్ణయము. ఆ పసిఫిక్ సంతతిలో రస్సెలు పేరిటి కోడిపుంజుజాతియు చేరియున్నది! విశాఖజాలరి పేరుపెట్టిన చేప బంధుత్వమును తెలిసికొననిదే అమెరికావా రెదుర్కొన్న యాపద మూలము తెలియలేదు. ఒక యూరి చేప పేరు ఆ యూరిదిగానే యుండునని తలచువారు దీనిని గమనింతురుగాక.

ఇప్పుడొక ప్రశ్న. పూడిమడక పల్లెలోనో ఎలమంచిలి పట్టణములోనో పుట్టి, ఈ విద్యనే జీవితమంతయు సాధింపవలెనని యొక బాలుడో బాలికయో సంకల్పించినచో వారికి త్రోవ యెక్కడ? ఆంధ్రవిశ్వవిద్యాలయమును, కేంద్ర సముద్రమత్స్య పరిశోధనసంస్థవారి ప్రాంతీయకేంద్రమును విశాఖపట్టణముననే యున్నవి. కావున సంస్థలు లేవనుటకు వీలులేదు. కాని పరిశోధకుని జీవితమునకు సంస్థ యొక్కటియే చాలదు. రస్సెలుకు నాలుగు వసతులు కలిసివచ్చినవి: ఇల్లు సముద్రతీరముననే యుండెను, చేపలనెఱిగిన జాలరులు చేరువనుండిరి, చేపను చేపగా వ్రాయగల చిత్రకారుడు దొరికెను, గ్రంథమును ప్రకటించుటకు ధనికమైన కంపెనీ పూనుకొనెను. నేటి మన విద్యార్థికి మొదటి రెండును పుట్టుకతోనే లభించినవి. కడపటి రెండింటిని, అనగా సాధనములను, ప్రకటనావకాశమును, కల్పింపవలసిన భారము మనపై నున్నది. జాలరి బిడ్డ పాఠశాలకు పోవుట యనగా సముద్రమును విడిచిపెట్టుటయే యను భావము తొలగి, సముద్రవిద్యలో నాచార్యుడగుటకు పోవుట యను భావము నెలకొనవలెను.

ఆకలిగొన్నవారికి చేపల పేర్లు లెక్కించుటచే నేమి లాభమని కొందఱు వాదింపవచ్చును. ఆ వాదము విననొప్పునది గాని, నిలువనొప్పునది కాదు. ఏ చేప యెప్పుడు గ్రుడ్లుపెట్టునో, ఏ జాతి తఱిగిపోవుచున్నదో తెలిసినగాని వేటకు కట్టుబాట్లు చేయుటకు వీలులేదు. జాతులను గుర్తింపనిదే అది తెలియదు. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు అఱువదియొక్క దినములు యంత్రపు పడవలకు వేట నిషేధింపబడుచున్నది. ఆ కాలమున కూలి పోగొట్టుకొను జాలరికి, ఆ నిషేధము నిజముగా చేపను కాపాడుచున్నదా యను సంగతి పండితులకంటె నెక్కువ ముఖ్యము. అచ్యుతాపురమున పరిశ్రమలు పెరుగుచున్న యీ దినములలో, తీరమునకు నష్టము కలుగుచున్నదని యొకరును, కలుగుట లేదని యొకరును వాదించునప్పుడు, తీర్పు చెప్పుటకు పూర్వపు పట్టిక యుండవలెను. నిన్న నేమేమి చేపలుండెనో వ్రాసియుంచనివాడు నేడు పోయినదేమో చెప్పజాలడు. 1803నాటి గ్రంథము మనకట్టి మొదటి పట్టిక. దాని తరువాతి పట్టికను మన భాషలో మనము వ్రాసికొనవలసి యున్నది.

దీనికి క్రొత్తచట్టము లక్కఱలేదు. 2002వ సంవత్సరపు జీవవైవిధ్యచట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థయు జీవవైవిధ్యసమితి నేర్పఱచి, ప్రజల జీవవైవిధ్యపట్టికను వ్రాయింపవలెను. పూడిమడక మొదలుగా తీరగ్రామములన్నిటను ఆ పట్టికలో చేపల తెలుగుపేర్లు, అవి దొరకు తావులు, ఋతువులు, పెద్దలు చెప్పు గుణములు సమగ్రముగా ఎక్కవలెను. వేటనిషేధపు రెండు మాసములును దీనికి తగిన తరుణము: పడవ లొడ్డున నుండును, పెద్దలకు తీరిక యుండును, కళాశాలలకు సెలవు లుండును. ఎలమంచిలి, అనకాపల్లి విద్యార్థులను వారి యొద్దకు పంపి, చెప్పినవారికి దినవేతన మిచ్చి, పట్టికలో వారి పేరు కూడ వ్రాయవలెను. 1803లో జరిగిన లోపము మరల జరుగరాదు. ప్రతి జాతినుండి యొక తునకను విశ్వవిద్యాలయమున భద్రపఱచినచో, రేపటి పరిశోధకుడు వంశవిచారమునకై పరదేశపు గాజుపెట్టెల నాశ్రయింప నక్కఱయుండదు. రస్సెలు చిత్తరువులను సరియైన తెలుగుపేర్లతో, చౌకవెలకు ముద్రించి తీరపు బడులకు పంచుట విశ్వవిద్యాలయమువారికి పెద్దపని కాదు.

వృద్ధజాలరి యొకడు కన్నుమూసినప్పుడు ఎన్ని పేర్లు అతనితో పోవుచున్నవో లెక్కించువారు లేరు. పరదేశీయుడొకడు కొలది యేండ్లు మన తీరమున నివసించి, మన మాటలను గౌరవముతో వ్రాసికొని, ప్రపంచమునకు మహోపకారము చేసెను. ఆ తీరముననే పుట్టి పెరిగిన మన మంతకంటె తక్కువ చేయుట మన యాత్మగౌరవమునకు తగదు. విశ్వవిద్యాలయాధికారులును, రాష్ట్రప్రభుత్వమువారును, తీరపు పంచాయతులును రానున్న వేటనిషేధకాలములోనే యీ కార్యమునకు పూనుకొందురని ఆశించుచున్నాము. కోడిపుంజు అను పేరు పెట్టిన జాతి, ఆ చేప కథను పూర్తిగా చెప్పగల పండితులను కూడ కనవలెను.