యెరూషలేములో మంచు

క్రిస్మస్ వస్తోందంటే మన ఊళ్లలో పిల్లలు పశువుల పాక కట్టి, దాని మీద దూదిని మంచులా పరుస్తారు. నిజానికి యేసు పుట్టిన బేత్లెహేములోనూ, దాని పొరుగునే ఉన్న యెరూషలేములోనూ మంచు కురిసేది ఏ కొన్నేళ్లకో ఒకసారి. మన అమృత్‌సర్ ఉన్న అక్షాంశం దగ్గరే ఉంది యెరూషలేము. యూదయ కొండల మీద సుమారు 800 మీటర్ల ఎత్తున ఉండబట్టి ఆ మాత్రమైనా కురుస్తుంది. ఉత్తరాది చలిగాలి మధ్యధరా సముద్రం మీదుగా వస్తూ తేమను నింపుకొని, ఆ కొండలు ఎక్కేసరికి ఆ తేమ మంచవుతుంది. ఒకటి రెండు డిగ్రీల వేడి ఎక్కువుంటే ఉత్త వానే. 1920 ఫిబ్రవరిలో మాత్రం దాదాపు మీటరు ఎత్తున పేరుకుంది.

మంచు పడిన రోజున పాత నగరం అందం చెప్పనలవి కాదు. చదరపు కిలోమీటరు కూడా లేని ఆ కోట గోడల నడుమ యూదులు ప్రార్థించే పశ్చిమ గోడ, యేసు సమాధి మీద వెలసిన చర్చి, ముస్లిముల బంగారు గుమ్మటం ఒకేసారి తెల్లబడతాయి. బళ్లు మూతపడతాయి. పిల్లలు మంచు ముద్దలు విసురుకుంటారు. అయితే చాలా వరకు ఎవరి పేటలో వాళ్లే. మంచు మనుషుల మధ్య గీతల్ని చెరిపేసిందని రాయాలని ఎంత ఉన్నా, రాయలేం.

2013 డిసెంబరు నాటి తుపాను మరచిపోరానిది. యెరూషలేముకు వెళ్లే దారులు మూసుకుపోయాయి, వేల ఇళ్లకు కరెంటు పోయింది. అయినా ఆ నగరం ఫొటోలు ప్రపంచాన్ని మురిపించాయి. సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని గాజాలో అదే తుపాను వరదగా మారింది. ఇంధనం లేక అక్కడి విద్యుత్ కేంద్రం అప్పటికే వారాల తరబడి ఆగిపోయి ఉంది. వీధుల్లో పడవలు తిరిగాయి. దాదాపు 40 వేల మంది ఇళ్లు వదిలిపోయారు. లెబనాన్ బెకా లోయలో సిరియా శరణార్థుల గుడారాల మీదా మంచే కురిసింది. తలదాచుకోను కప్పు ఉన్నవారికే మంచు పండుగ.

గాజాలో ఇప్పుడు గుడారాలే ఇళ్లయినవారు లక్షల్లో ఉన్నారు. మళ్లీ ఎప్పుడైనా తెల్లబడ్డ యెరూషలేము ఫొటో మీ ఫోన్‌కు వస్తే తప్పక చూడండి, నలుగురికీ పంపండి. ఆ రాత్రి గాజాలో చలి ఎలా ఉందో చెప్పే వార్తను కూడా వెతికి చదవండి.