మీ పిల్లలు నేవీ అంటే నవ్వేయకండి



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు పెద్ద నీళ్లంటే మైలవరం డ్యామే. అందుకే ఏ పిల్లాడైనా "నేవీలో చేరతా" అంటే ఇంట్లో నవ్వేస్తాం. "ముందు జేఈఈ సంగతి చూడు" అంటాం. ఇంకోసారి అలా అనే ముందు వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ గురించి తెలుసుకోండి.

ఆయన 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో పర్షియన్ గల్ఫ్‌లో చూపిన సాహసానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్నారు. 1971 యుద్ధం నాటికి విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ అధిపతి.

అప్పుడు మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ బాయిలర్ దెబ్బతిని ఉంది, పూర్తి వేగంతో పోలేదు. కృష్ణన్ దాన్ని అండమాన్ వైపు దాచారు. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా, రాజ్‌పుత్ అనే పాత నౌక నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఆ కబురు బయటికి పొక్కాలనే బజారులో భారీగా సరుకులకు ఆర్డర్లిచ్చారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాలూ వేర్వేరు మాటలు చెబుతాయి. విక్రాంత్ మాత్రం క్షేమంగా ఉండి, మరుసటి రోజే తన విమానాలను యుద్ధానికి పంపింది. కృష్ణన్‌కు తర్వాత పద్మభూషణ్ వచ్చింది.

ఎదుటివాడు ఏమనుకుంటాడో ఊహించడం, ఉన్న పాత నౌకతోనే పని నడిపించడం, నిర్ణయం తీసుకుని దాని బరువు మోయడం. వీటికి ఏ పరీక్షలోనూ మార్కులుండవు.

జేఈఈ చదువు వృథా కాదు. ఇంటర్ ఎంపీసీ పిల్లలను జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారంగానే నేవీ తన బీటెక్ ఎంట్రీ ఇంటర్వ్యూకు పిలుస్తుంది. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెట్టే ఎన్‌డీఏ పరీక్ష ఇప్పుడు అమ్మాయిలూ రాయొచ్చు. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంటుంది. కొన్ని రోజులపాటు సాగే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో నలుగురితో కలిసి పనిచేయాలి, సొంతంగా మాట్లాడాలి.

మన పిల్లలు తడబడేది అక్కడే. ఎవరైనా వాళ్లను ప్రశ్న అడిగితే జవాబు మనం చెబుతున్నాం. ఇందులో టీచర్లమైన మా తప్పూ ఉంది.

ఈ నెల ఒక చిన్న పని చేసి చూడండి. బంధువుల ఊరికి ప్రయాణమో, ఇంటి నెల సరుకులో పూర్తిగా పిల్లలకే అప్పగించండి. తప్పు చేస్తే చేయనివ్వండి. వాళ్లు నేవీకి పోకపోయినా ఆ అలవాటు ఎక్కడికీ పోదు.