సైలెన్సర్ డబ్బా కోస్తే మిగిలేది ఎవరి పైసా?

పోయిన నెల ఒక జుమా నాడు నమాజ్ ముగించి బయటికి వచ్చేసరికి మా ఆపా కొడుకు మస్జిద్ మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"మామూ, బండి మళ్లా సతాయిస్తుంది. మీటర్‌లో పసుపు లైట్ వస్తుంది, నలభై దాటి పోతలేదు. సైలెన్సర్ డబ్బా కోసి ఖాళీ చేద్దామంటుండు మిస్త్రీ. ఏం చేయమంటరు?"

వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎస్-6 డీజిల్ పికప్. ఫజర్ తర్వాత బాన్సువాడలో కూరగాయల కిరాయి. మధ్యాహ్నం సిమెంటు, పైపులు, పెళ్లి సామాన్లు వేసుకుని బీర్కూర్, నస్రుల్లాబాద్, వర్ని దిక్కు పోతాడు. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. బండి ఆగితే ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. పట్నంలో ఒక వర్క్‌షాప్ వాళ్లు మొత్తం మార్చాలి, లక్షకు దగ్గర అవుతుందన్నారట. మన మిస్త్రీ పన్నెండు వేలు చాలన్నాడు. డబ్బా కోసి, లోపలిది దులిపేసి, మళ్లీ వెల్డింగ్ కొడతాడు. లైట్ రాకుండా ఒకతను ల్యాప్‌టాప్ తెచ్చి సాఫ్ట్‌వేర్ మార్చిపోతాడు. పైగా లోపలి మట్టిని కబాడీ అతను కొనుక్కుంటాడు.

"నుక్సాన్ ఏం లేదు మామూ, అంతా ఫాయిదానే" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. సాయంత్రం దాకా ఏం చేయొద్దని చెప్పి పంపించాను. వాడితో ఆ రోజు అన్నవే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇది మా ఒక్క ఘర్ మామలా కాదు. మన మొహల్లాల్లో పికప్ నడిపేది ఎవరు? పానా పట్టేది ఎవరు? వెల్డింగ్ కొట్టేది ఎవరు? చాలా వరకు మన పిల్లలే. ఈ విషయంలో వేలెత్తి ఇంకెవరినో చూపించే మౌకా మనకు లేదు.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలుసుకోవాలి. మిస్త్రీలు మట్టి అనేది నిజానికి మట్టి కాదు. తేనెతుట్టెలా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మ. దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాల పూత ఉంటుంది. పెట్రోల్ బండ్లలో రోడియం కూడా ఉంటుంది. ఇంజన్‌లోంచి వచ్చే పొగ ఈ రంధ్రాల గుండా పోతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే జహర్, కాలకుండా మిగిలిన ఇంధనపు ఆవిరి అక్కడే కాలి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారిపోతాయి. దీన్నే క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు. కొత్త డీజిల్ బండ్లలో దీని వెనకాల ఫిల్టర్ ఒకటి ఉంటుంది. అది నల్లటి మసిని పట్టి ఆపుతుంది. మసి నిండినప్పుడు ఇంజన్ కొంచెం డీజిల్‌ను ఎక్కువగా వదులుతుంది. కన్వర్టర్ దాన్ని కాల్చి 600 డిగ్రీల దాకా వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి మసి కాలి చిటికెడు బూడిద మిగులుతుంది. రెండూ జోడెడ్ల లాంటివి, కన్వర్టర్ లేకుంటే ఫిల్టర్ మసిని సరిగా కాల్చుకోలేదు. అందుకే కోసేవాళ్లు రెండింటినీ ఖాళీ చేస్తారు.

ఈ పరికరం వెనక ఒక మనిషి ఫికర్ ఉంది. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూడ్రీ అనే ఇంజనీర్, లాస్ ఏంజెలిస్ పొగ మీద వచ్చిన అధ్యయనాలు చూసి 1950లలో దీన్ని తయారుచేశాడు. అప్పటి పెట్రోల్‌లో సీసం కలిపేవారు, సీసం తగిలితే కన్వర్టర్ పాడవుతుంది. అందుకే అది ఇరవై ఏళ్లు మూలన పడి ఉంది. అమెరికాలో 1975 మోడల్ కార్ల నుంచి వాడకంలోకి వచ్చింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చింది. బీఎస్-4తో పోలిస్తే డీజిల్ కారు వదలదగిన మసి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు, నైట్రోజన్ ఆక్సైడ్లు 250 నుంచి 80కి తగ్గాయి. పికప్ లాంటి సరుకు బండ్ల లెక్క వేరుగా ఉంటుంది గానీ దారి అదే. మన పిల్లవాడు బండి కొన్నప్పుడు ఈ పరికరం ఖీమత్ కూడా ఇచ్చే కొన్నాడు. పన్నెండు వేలు ఇచ్చి దాన్నే తీయించుకోబోయాడు.

ఇక మిస్త్రీ దలీల్లు.

మైలేజీ పెరుగుతుందంటాడు. మూసుకుపోయిన ఫిల్టర్ మైలేజీ తింటుంది, నిజమే. తందురుస్తుగా ఉన్నది తినేది చాలా తక్కువ. రోగం ఒకచోట ఉంటే ఇంకోచోట కోయడం ఇలాజ్ ఎట్లా అవుతుంది?

పొగ కనబడదు కదా అంటాడు. కార్బన్ మోనాక్సైడ్ ఎప్పుడు కనబడింది? దానికి రంగు లేదు, వాసన లేదు. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో తేల్చిచెప్పింది. పొగాకు ఉన్న జాబితాలోనే దీన్నీ పెట్టింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందిలే అంటాడు. రావచ్చు. ఆ పరీక్షలో డీజిల్ బండికి పొగ ఎంత నల్లగా ఉందన్నదే చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కాగితం ఉన్నంత మాత్రాన ఊపిరి సాఫ్ అయిపోదు. పైగా కంపెనీ ఇచ్చిన బండిని ఇట్లా మార్చడం కానూన్ ప్రకారం జుర్మ్. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జుర్మానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాలుష్యం నియమాలు మీరితే మొదటిసారే 10,000 వరకు జుర్మానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్స్ మీద వేటు రాసి ఉన్నాయి.

చివరి దలీల్, అందరూ చేస్తున్నారు కదా అని. అందరూ చేస్తే ఏమవుతుందో అమెరికాలో లెక్క తీశారు. అక్కడి పర్యావరణ సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దాదాపు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో ఈ పరికరాలు తీసేశారు. వాటి నుంచి అదనంగా వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పద్ధతిగా ఉన్న 90 లక్షల పికప్‌లు కొత్తగా రోడ్డెక్కినంత! చిన్న మిస్త్రీలే కాదు, పెద్ద కంపెనీల మీదా కేసులు పడ్డాయి. పికప్ ఇంజన్లలో పరీక్షను తప్పించుకునే ఏర్పాట్లు పెట్టిందన్న ఆరోపణపై కమిన్స్ కంపెనీ 2023 డిసెంబర్‌లో 167.5 కోట్ల డాలర్ల జుర్మానాకు ఒప్పుకుంది.

కబాడీ అతని సంగతి కూడా చెప్పాలి. అతను మన మీద మొహబ్బత్‌తో పైసలు ఇవ్వడం లేదు. 2021లో రోడియం ఔన్సు ధర దాదాపు 29,000 డాలర్లకు చేరింది. ఆ రోజుల్లోనే గుజరాత్‌లో రాత్రికి రాత్రి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు కోసుకుపోయే ముఠాలు పుట్టుకొచ్చాయి. మొహల్లాలో మట్టి కొనేవాడు ఉన్నాడంటే, రేపు మన వాకిట్లో నిలబెట్టిన బండి కిందికి దూరేవాడికి కూడా గ్రాహక్ తయారుగా ఉన్నట్టే.

ఇవన్నీ సైన్సు, కానూన్ మాటలు. నాకు నిద్ర పట్టనివ్వంది ఇంకోటి. మన ఇళ్లలో చిన్నప్పుడే చెబుతారు. అల్లాహ్ హక్కులో ఖుసూర్ జరిగితే తౌబా చేసుకుంటే ఆయన గఫూర్, రహీం. కానీ బందాల హక్కు, అదే హుఖూకుల్ ఇబాద్, ఎవరిది తిన్నామో వాళ్లు మాఫ్ చేస్తేనే తీరుతుంది. కోమటి దగ్గర పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే రేపు పోయి ఇచ్చేయొచ్చు. వర్ని రోడ్డు మీద నీ బండి వెనక టూవీలర్ మీద తల్లి ఒడిలో వచ్చిన పసిబిడ్డను ఎక్కడ వెతుకుతావు? మన బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రి ముందు నుంచి రోజూ ఎన్నిసార్లు పోతావు? లోపల నిన్న పుట్టిన బిడ్డ మొదటి ఊపిరిలో నీ పొగ కలిస్తే మాఫీ ఎవరిని అడుగుతావు? దమ్ముతో ఖాట్ మీద కూర్చునే చాచా, బడి పిల్లలు, ఆటో స్టాండులో పొద్దంతా నిలబడేవాళ్లు, వీళ్లలో ఒక్కరైనా నీకు ఇజాజత్ ఇచ్చారా? ఫాయిదా అన్నావు కదా బేటా, ఆ పైసా వీళ్ల ఊపిరి నుంచి తీసింది. అది నీ కమాయి కాదు.

అట్లాగని తప్పంతా డ్రైవర్ మీద రుద్దితే నాఇన్సాఫీ అవుతుంది. బండి అమ్మినప్పుడు వాడికి ఎవరూ ఈ పరికరం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చేతిలో పెట్టిన బుక్కు ఇంగ్లీషులో ఉంది. పాడైతే పట్నం పోవాలి, కిరాయి పోతుంది, అక్కడ మొత్తం మార్చాలనే జవాబు ఒక్కటే దొరుకుతుంది. గరీబును ఆ మూలకు నెట్టి, తర్వాత చట్టం చదివి వినిపిస్తే సరిపోదు.

మేము ఏం చేశామో చెబుతాను. నిజామాబాద్‌లో స్కానర్ పెట్టుకున్న ఒక మిస్త్రీని పట్టుకున్నాం. రెండు గంటలు చూసి అసలు బీమారీ చెప్పాడు. ఒక ఇంజెక్టర్ కారుతోంది, అందుకే మసి ఎక్కువ పుడుతోంది. ఈ బండ్లకు బూడిద తక్కువ వదిలే ఇంజన్ ఆయిల్ పోయాలి, వీడు ట్రాక్టర్‌కు పోసే ఆయిల్ పోశాడు. అన్నిటికన్నా ముఖ్యం, పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపుకుంటూ నడపడం వల్ల మసి కాలే వేడే రావడం లేదు. ఇంజెక్టర్ బాగు చేసి, ఆయిల్ మార్చి, స్కానర్‌తో మసిని కాల్పించాడు. మొత్తం పద్దెనిమిది వేలు అయింది. కోతకు అడిగినదానికన్నా ఆరు వేలు ఎక్కువ. ఆ ఆరు వేలు నేను ఖర్జె హసనాగా ఇచ్చాను, ఉన్నప్పుడు ఇస్తాడు. అన్ని బండ్లూ ఇంత సస్తాగా బాగవుతాయని చెప్పను. బూడిదే నిండిపోతే విప్పి శుభ్రం చేయించాలి, దిమ్మ పగిలితే మార్చక తప్పదు. కానీ కోయడానికి ముందు ఒకసారి స్కానర్ పెట్టి చూపించడం ఫర్జ్ అనుకోండి.

ఇంట్లో పికప్ ఉన్నవాళ్లు కొన్ని మాటలు గుర్తుంచుకోండి. వారానికి ఒకసారైనా అరగంట పాటు మెయిన్ రోడ్డు మీద ఆగకుండా ఒకే వేగంతో నడపండి. ఫిల్టర్ లైట్ వెలిగితే దాచిపెట్టకండి, మొదటి రోజే అయితే ఆ అరగంట నడకతోనే చాలాసార్లు ఆరిపోతుంది. ఐడ్లింగ్ పెరిగి, వేడి వాసన వస్తుంటే మసి కాలుతున్నట్టు, మధ్యలో ఇంజన్ ఆపకండి. ఆ టైంలో వరిగడ్డి మీద, ఎండు గడ్డి మీద బండి నిలబెట్టకండి, నిప్పు అంటుకునే ఖత్రా ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందని ఖుష్ కావద్దు. మసి కాలడం సగంలో ఆగిపోయిన ప్రతిసారీ డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, అది ఇంజన్‌ను తినేస్తుంది.

మిస్త్రీ ఉస్తాద్‌లకు కూడా ఒక గుజారిష్. మొన్న ఆ షెడ్డు దగ్గరికి పోయాను. పదహారేళ్ల షాగిర్ద్ ఒకడు వేరే బండి డబ్బాలోకి రాడ్డు పెట్టి పొడుస్తున్నాడు. నల్లటి దుమ్ము లేచి వాడి కనురెప్పల మీద కూర్చుంది. ముక్కుకు దస్తీ కూడా లేదు. దగ్గుతూనే నాకు సలాం చెప్పాడు. ఉస్తాద్‌ను అడిగితే, "గ్రాహక్ అడుగుతడు భాయ్, నేను చేయకుంటే పక్క షెడ్డుకు పోతడు" అన్నాడు. ఝూట్ కాదు, ఆయన మజ్బూరీ నాకు అర్థమైంది. కానీ నలుగురు మిస్త్రీలు కూర్చుని ఈ పని చేయమని ఒక్క మాట మీద ఉంటే, గ్రాహక్ ఏ షెడ్డుకు పోతాడు? నలుగురూ కలిసి ఒక స్కానర్ కొనుక్కుంటే, అదే గ్రాహక్ బాగుచేయించుకోవడానికి వస్తాడు. మొహల్లాలో ఖర్జె హసనా ఇచ్చే కమిటీలు పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు ఇస్తున్నాయి, మాషాఅల్లాహ్. ఒక మిస్త్రీ పనిముట్టుకు కూడా ఇవ్వొచ్చు కదా. అది పది ఇళ్ల రోజీ, వేల మంది ఊపిరి.

మా వాడు ఇప్పుడు మంగళవారం మంగళవారం బోధన్ కిరాయి ఒప్పుకుంటున్నాడు, బండికి ఆ నడక కావాలని. నిన్న ఇంటికి వచ్చి, లైట్ మళ్లీ వెలగలేదు మామూ అన్నాడు. అల్హందులిల్లాహ్ అన్నాను. ఆ షాగిర్ద్ పిల్లవాడి దగ్గు మాత్రం ఇంకా నా చెవిలో ఉంది. వచ్చే జుమాకు ఉస్తాద్‌ను ఇంకోసారి కలుస్తాను. మీరూ మీ మొహల్లా ఉస్తాద్‌ను కలవండి.

వస్సలాం.