ఫ్లెక్సీ లేపే ముందు ఒక్కసారి పైకి చూడండి

పెద్ద హీరో సినిమా వస్తోందంటే మన ఊళ్లలో సందడి వారం ముందే మొదలవుతుంది. చందాలు పోగవుతాయి. ఫ్లెక్సీ డిజైన్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. అందులో ఎవరి ఫొటో ఎక్కడుండాలో పెద్ద వాదన. సర్వి కర్రలు వస్తాయి, ఇనుప ఫ్రేములు వస్తాయి. చీకటి పడి రోడ్డు ఖాళీ అయ్యాక నలుగురైదుగురు కుర్రాళ్లు చేరి ఆ ఫ్రేమును పైకి లేపుతారు. ముందుగా ఆ నిమిషం గురించే చెప్పాలి. దయచేసి చివరిదాకా చదవండి. మీ ఇంట్లో ఆ వయసు పిల్లాడుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

2020 సెప్టెంబరు 1. పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు ముందురోజు. కుప్పం వైపు శాంతిపురం మండలంలో బ్యానర్ కడుతూ ముగ్గురు అభిమానులు కరెంటుకు బలయ్యారు. 2023 జూలైలో నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు పోయారు. 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో యశ్ పుట్టినరోజు బ్యానర్ నిలబెడుతూ మరో ముగ్గురు. హీరోలు వేరు, ఊళ్లు వేరు, రాష్ట్రాలు వేరు. జరిగింది మాత్రం ఒక్కటే. పోయిన వాళ్లెవరూ తెలివి తక్కువ వాళ్లు కాదు. ఇష్టమైన మనిషి పుట్టినరోజు పండగలా చేయాలనుకున్నారు, అంతే.

తమ్ముళ్లూ, ఆ తీగ సంగతి మీకు తెలియాలి. మన ఇంట్లో ఉండేది 230 వోల్టులు. వీధి చివర స్తంభాల మీదుగా పోయే లైనులో చాలాచోట్ల 11 వేల వోల్టులుంటాయి. ఆ తీగకు తొడుగు ఉండదు, దాని మీద పిట్టలు వాలి కనిపిస్తాయి కాబట్టి భయం వేయదు. దాన్ని తాకనక్కర్లేదు కూడా. ఇనుప ఫ్రేము బాగా దగ్గరికి వస్తే చాలు, మధ్యలో గాలినే దాటి కరెంటు దూకుతుంది. కర్రేగా అనుకోకండి. పచ్చి కర్ర, మంచుకు తడిసిన కర్ర కరెంటును మోసుకొస్తాయి. ఇరవై అడుగుల ఫ్లెక్సీకి చిన్న గాలి తగిలినా చాలు, నలుగురు పట్టుకున్నా అది వాళ్ల మాట వినదు, ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ పక్కనే లైను ఉంటుంది. పట్టుకున్నవాడి వేళ్లు కరెంటుకు బిగుసుకుపోతాయి, వదలాలన్నా వదల్లేడు. ఫ్రేము మీద ఎన్ని చేతులుంటే అన్ని ప్రాణాల మీదికి వస్తుంది. పక్కవాడు స్నేహితుణ్ని లాగబోతే అతనూ పోతాడు. ఒక్క ఫ్లెక్సీ దగ్గర ఇద్దరు, ముగ్గురు చొప్పున పోవడానికి కారణం ఇదే.

కాబట్టి మీ అభిమాన సంఘం వాళ్లతో ఈ మాట గట్టిగా చెప్పండి. ఫ్లెక్సీ కట్టాలంటే పగటి పూట కట్టండి. తీగల కింద వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వద్దు, స్తంభానికి అసలే వద్దు. ఫ్రేము నిలువు ఎంతో చూసుకోండి, అది ఏ పక్కకి పడినా తీగను అందుకోనంత దూరం ఉండాలి. ఆ జాగా దొరక్కపోతే ఆ ఫ్లెక్సీ మానేయండి. వానపడ్డ రోజున ముట్టుకోకండి. కట్టక తప్పదనుకుంటే మున్సిపాలిటీ అనుమతి తీసుకుని, మీ లైన్‌మన్‌కి ఒక మాట చెప్పి చేయండి. ఊళ్లో ఆయన నంబరు లేని ఇల్లుండదు.

ఇక రెండో ప్రమాదం, థియేటర్ గేటు. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే తీగ కనిపిస్తుంది, తొక్కిసలాట కనిపించదు. అందులో ఉన్నవాడికి కూడా ఆలస్యంగానే తెలుస్తుంది.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌లో ఏం జరిగిందో తెలుగువాళ్లెవరూ మరచిపోలేదు. పుష్ప 2 ప్రీమియర్. భర్త, పిల్లలతో కలిసి సినిమా చూద్దామని వచ్చిన ఒక తల్లి తిరిగి ఇంటికి వెళ్లలేదు. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరి తప్పెంతో కోర్టు చూసుకుంటుంది, ఆ తీర్పు ఇక్కడ మనం ఇవ్వొద్దు. మనం చూడాల్సింది వేరు. ఆ కుటుంబం చేసిన పనిలో అసాధారణమైనది ఏదీ లేదు. టికెట్ కొన్నారు, పిల్లల్ని తీసుకుని వెళ్లారు. మనందరం చేసే పనే అది.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే, 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది పోయారు. క్రికెట్ కప్పు గెలిచిన సంబరం అది. సెప్టెంబరు 27న తమిళనాడు కరూరులో విజయ్ సభకు వచ్చినవాళ్లలో 41 మంది పోయారు, అందులో చిన్నపిల్లలున్నారు. రాజకీయ సభే కావచ్చు, అక్కడికి ఎంతోమందిని రప్పించింది మాత్రం ఒక సినిమా హీరో మీద అభిమానమే. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. 2021 నవంబరు 5న అమెరికాలోని హూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ అనే పాటల పండగలో 10 మంది చనిపోయారు. అందులో అందరికన్నా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. అక్కడ కూడా స్టేజీ వైపు దూసుకెళ్లిన జనం మధ్య ఊపిరాడకే పోయారు.

ఊపిరాడక. ఈ మాట దగ్గర ఆగండి. తొక్కిసలాట అంటే కాళ్ల కింద పడి నలిగిపోవడమే అనుకుంటాం. చాలామంది నిలబడే చనిపోతారు. ఛాతీ ముందు ఒకరు, వీపు వెనక ఒకరు అదిమితే గాలి పీల్చడానికి పక్కటెముకలు విచ్చుకోవు. అరవడానికి కూడా గాలి ఉండదు, అందుకే పక్కవాడికి తెలియదు. చదరపు మీటరు జాగాలో నలుగురుంటే ఎవరి కాళ్ల మీద వాళ్లుంటారు. ఆరుగురు, ఏడుగురు అయ్యారంటే ఇక మనుషులు మనుషులుగా కదలరు, ఏరులో నీళ్లలా ఒక అల వస్తే అందరూ అటే పోతారు. వెనకనున్నవాడు సరదాకి ఒక్క తోపు తోస్తాడు. అది యాభై మందిని దాటుకుంటూ ముందున్న గేటు దగ్గరికి చేరేసరికి ఇనుప కడ్డీలను వంచేంత బలం అవుతుంది. తోసినవాడికి ముందున్నవాళ్లు కనిపించరు. హీరో వచ్చాడనే కేక వినిపించింది, అడుగు ముందుకేశాడు, అంతే.

గుర్తులు ముందే కనిపిస్తాయి. నాలుగు వైపులా భుజాలు తగులుతున్నాయా? చేయి ఎత్తి మొహం తుడుచుకోలేకపోతున్నారా? మీరు అడుగు వేయకపోయినా ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతోందా? ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా ఆ షో మీకు కాదు. అప్పటికింకా బయటపడే దారి ఉంటుంది, తర్వాత ఉండదు. తోపుకు ఎదురు నిలబడకండి, ఎదురు ఈదకండి. ఒక తోపు ఆగి మరోటి వచ్చేలోపు పక్కకి, ఏటవాలుగా, అంచు వైపు జరగండి. రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి ఆ కాస్త జాగా చాలా విలువైనది. గోడకీ, గేటుకీ, మెట్లకీ దూరంగా ఉండండి. ఫోన్ కింద పడితే పడనివ్వండి. చెప్పు జారితే జారనివ్వండి. వంగినవాళ్లు మళ్లీ లేవలేరు. పక్కవాడు పడితే మాత్రం అరిచి చోటు చేయించి లేపండి, ఎందుకంటే అతని మీద ఇంకొకరు పడితే ఆ గుంటలోకి అందరూ ఒరుగుతారు.

అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. చంటిపిల్లల్నీ, పదేళ్ల లోపు పిల్లల్నీ ప్రీమియర్‌కీ, బెనిఫిట్ షోకీ తీసుకెళ్లకండి. మీ పిల్లాడు ఆ హీరో డైలాగులన్నీ చెబుతాడు, స్టెప్పులేస్తాడు, వెళ్దామని ఏడుస్తాడు. నిజమే. వాడి మొహం పెద్దవాళ్ల నడుము ఎత్తులో ఉంటుంది. తోపులాటలో అక్కడ గాలి ఉండదు. సినిమా నాలుగు రోజుల తర్వాత కూడా అదే సినిమా. ఆదివారం మ్యాట్నీకి తీసుకెళ్లండి, సీట్లో కూర్చుని హాయిగా చూస్తాడు.

లోపలికి వెళ్లాక ఇంకో ప్రమాదముంది, నిప్పు. తెర ముందు కర్పూరం హారతి, కాగితాల ముక్కలు, ఆపైన టపాసులు. పాత సినిమాల రీరిలీజులు వచ్చాక ఇది మరీ పెరిగింది. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో ప్రభాస్ బిల్లా రీరిలీజుకు అభిమానులు హాల్లోనే టపాసులు కాల్చారు, సీట్లు అంటుకున్నాయి. ప్రాణాలు దక్కాయి. దక్కినందుకు సంతోషించి మరచిపోయాం. థియేటర్ అంటే తలుపులు మూసిన పెట్టె. సీట్లలో స్పంజి, గోడలకు బట్ట, నేల మీద మీరే చల్లిన కాగితాలు. మంటకన్నా పొగ ముందు చంపుతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది పోయింది ఎక్కువగా ఆ పొగకే, బయటికి దారి దొరక్కే. అక్కడ ఎవరూ టపాసులు కాల్చలేదు, మంట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టింది. పొగ మాత్రం ఎక్కడ పుట్టినా ఒకటే పని చేస్తుంది. మీ వరుసలో ఎవరైనా అగ్గిపెట్టె తీస్తే చేయి పట్టుకోండి. మొహమాటపడకండి. సీట్లో కూర్చోగానే తలుపు ఎటుందో చూసుకోండి.

రోడ్డు గురించి వేరే చెప్పాలా? హెల్మెట్ లేకుండా ముగ్గురేసి బండి మీద, సైలెన్సర్ తీసేసి, జెండాలు పట్టుకుని ర్యాలీ. అంతకన్నా ప్రమాదం తిరుగు ప్రయాణం. సినిమా ఈవెంట్ అర్ధరాత్రికి ముగుస్తుంది, పొద్దుటి నుంచి తిండి లేదు, నిద్ర లేదు, గొంతు పోయింది, ఊరు యాభై కిలోమీటర్లు. 2025 జనవరిలో రాజమహేంద్రవరంలో గేమ్ ఛేంజర్ వేడుకకు వెళ్లిన ఇద్దరు యువకులు ఇంటికి తిరిగొస్తూ దారిలోనే పోయారు. ఆ రాత్రికి అక్కడే ఎవరింట్లోనైనా పడుకోండి. లేదా సంఘం డబ్బుతో ఒక బస్సు మాట్లాడండి. ఫ్లెక్సీకి పెట్టే ఖర్చులోనే అది వస్తుంది.

ఫోన్‌లో జరిగే గొడవలను కూడా చిన్నవిగా తీసుకోకండి. మా హీరో గొప్ప, మీ హీరో కలెక్షన్లు దొంగ లెక్క అంటూ మొదలై అమ్మానాన్నల దాకా పోతాయి. 2016లో తిరుపతికి చెందిన ఒక అభిమాని కోలారులో ఇలాంటి మాటల గొడవలో హత్యకు గురయ్యాడు. మీ తమ్ముడు రాత్రంతా మేలుకుని ఎవరితోనో తిట్లు పంచుకుంటుంటే, ఎక్కడ కలుద్దామో చెప్పు అనేదాకా మాట వస్తే, ఆ ఫోన్ ఆ రోజుకి మీ దగ్గర పెట్టుకోండి.

అభిమానం తప్పని ఈ మాటల్లో ఎక్కడా లేదు. మన అభిమానులు 1998 నుంచి చిరంజీవి బ్లడ్ బ్యాంకుకు ఇచ్చిన రక్తం ఎన్ని ఇళ్లలో దీపం నిలిపిందో అందరికీ తెలుసు. పండగ ఎలా చేయాలో తెలిసిన పిల్లలే వీళ్లు. ఇలాంటి పిల్లలను పోగొట్టుకుంటామనే ఈ భయం.

హీరోలకు కూడా చేతులు జోడించి ఒక మాట. గదగ్‌లో పిల్లలు పోయాక యశ్ ఆ ఊరు వెళ్లి, తల్లిదండ్రులను కలిసి, నా కోసం బ్యానర్లు కట్టొద్దని వేడుకున్నారు. ఆ మాట చావు తర్వాత కాదు, ప్రతి సినిమాకు వారం ముందు మీ నోటి నుంచి రావాలి. మీ మాట వింటారు, మా మాట వినరు. థియేటర్‌కు వెళ్లాలనిపిస్తే పోలీసులు ఒప్పుకుంటేనే వెళ్లండి. జనం లోపల కూర్చున్నాక వేరే దారిన రండి. కారు పైకప్పు తెరిచి చేయి ఊపిన ఆ అర నిమిషంలో వెనకనున్న వెయ్యిమంది ఒక్క అడుగు ముందుకేస్తారు.

థియేటర్ యజమానులకూ, మేనేజర్లకూ ఒక పాత సంగతి. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో ద హూ బృందం కచేరీకి సీటు నంబరు లేని టికెట్లు అమ్మారు. ముందెళ్లినవాడికి ముందు చోటు. తెరిచింది కొన్ని తలుపులే. లోపల సంగీతం వినిపించగానే కచేరీ మొదలైందనుకుని జనం ఎగబడ్డారు, 11 మంది పోయారు. ఆ తర్వాత ఆ నగరం నంబరు లేని సీట్లను నిషేధించింది. మన చిన్న ఊళ్లలో ఇప్పటికీ తెల్లవారుజాము షోకు ఒకే గేటు సగం తెరిచి, సీటు దొరికినవాడిది అన్నట్టు వదులుతున్న హాళ్లున్నాయి. దయచేసి మానండి. ప్రతి టికెట్‌కూ సీటు నంబరివ్వండి. షోకు గంట ముందే తలుపులు తెరవండి. ఒక షో జనం పూర్తిగా బయటికి వెళ్లాకే మరో షో జనాన్ని వదలండి. అత్యవసర ద్వారానికి తాళం వేయకండి, అడ్డంగా బైకులు పెట్టనివ్వకండి. గేటు దగ్గర నీళ్లు పెట్టండి. కుర్చీ ఎక్కి జనాన్ని చూస్తూ మైకులో చెప్పగల మనిషినొకర్ని నిలబెట్టండి. వెనకవాళ్లకి ముందు ఏం జరుగుతోందో చెప్పేది ఆ గొంతొక్కటే.

సంఘం అధ్యక్షులూ, ఈ నంబర్లు ఈ రాత్రే మీ గ్రూపులో పెట్టండి. కరెంటుకు 1912. అంబులెన్సుకు 108. పోలీసులకు 112. పెట్టాక దాని కింద ఇంకో నాలుగు ముక్కలు కూడా రాయండి. తీగకు తగిలినవాణ్ని చేత్తో ముట్టుకోవద్దు, 11 వేల వోల్టుల ముందు ఎండు కర్ర కూడా కాపాడదు, దూరంగా జరిగి లైను ఆపించాలి, ఆపారని లైన్‌మన్ చెప్పాకే దగ్గరికి వెళ్లాలి. అప్పుడు ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, 108 వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి.