బొమ్మ ఆగితే బస్సు ఆగేది కాదు

ఎనభైల చివర్లో, తొంభైలలో హైదరాబాద్ నుంచి విజయవాడకో తిరుపతికో రాత్రి బస్సెక్కినవారికి ‘వీడియో కోచ్’ గుర్తుండే ఉంటుంది. కిటికీ పక్క సీటు దొరికిందా లేదా అన్నదానికన్నా, ఈ రాత్రి ఏ సినిమా వేస్తారన్నదే ముఖ్యమనుకునేవారు. డ్రైవరు సీటు వెనక, పైన బిగించిన పెట్టెలో టీవీ, దగ్గర్లోనే తాళం వేసిన అరలో వీడియో క్యాసెట్ ప్లేయర్ (వీసీపీ) ఉండేవి. మూడు గంటల క్యాసెట్‌లో పాటలు, ఫైట్లతో సహా తెలుగు సినిమా ఒకటి నిండుగా పట్టేది. ఊరు దాటగానే మొదలైన బొమ్మ సూర్యాపేట దగ్గర గీతలు గీతలుగా మారిందంటే బస్సంతా గోల. క్లీనరు లేచి పెట్టె మీద రెండు దెబ్బలు చరిచేవాడు. ఒక్కోసారి బొమ్మ వచ్చేది, ఒక్కోసారి క్యాసెట్ లోపలే ఇరుక్కుపోయేది.

తెల్లారాక ఆ వీసీపీ ఏదో ఒక టీవీ మెకానిక్ బల్ల మీదికి చేరేది. బాగుపడి మళ్లీ బస్సెక్కేది. సినిమా కబుర్లు చాలామంది చెప్పుకుంటారు గానీ, అసలు చెప్పుకోవలసింది ఈ రిపేరు సంగతి. ఎందుకంటే ఇవాళ వాహనంలో ఉన్న తెర పాడైతే అదే వీధిలో, అదే తరహా మెకానిక్ చేత బాగుచేయించుకోవడం దాదాపు కుదరని పనైపోయింది.

నిజానికి వీసీపీ బస్సు కోసం పుట్టిన యంత్రం కాదు. కదలని బల్ల మీద, దుమ్ము లేని గదిలో పెట్టుకోవడానికి చేసినది. దాని లోపల 62 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము కాస్త వాలుగా నిలబడి నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఉండే హెడ్లు అరంగుళం వెడల్పున్న టేపు మీద ఏటవాలు గీతలను చదువుకుంటూ పోతాయి. మామూలు వేగంలో రికార్డయిన ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందం కన్నా తక్కువ. టేపు ఆ మేరకు పక్కకు జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. అలాంటి యంత్రాన్ని తీసుకెళ్లి గుంతల రోడ్డు మీద రాత్రంతా ఊపేసి, పగలు మే నెల ఎండలో నిలబెట్టిన బస్సులో ఉడకబెట్టారు. పాడైపోవడంలో వింతేముంది? మళ్లీ మళ్లీ బాగుపడటమే వింత.

మెకానిక్ దగ్గర రోగాన్ని లక్షణం చూసి పట్టేవారు. మాట బాగా వినిపిస్తూ బొమ్మలో చుక్కలు కురుస్తుంటే హెడ్డుకు మురికి పట్టినట్టు. తెర పైభాగంలోనో కిందిభాగంలోనో ఒక పట్టీ మేర మాత్రమే బొమ్మ చెదిరితే, బస్సు కుదుపులకు గైడ్ రోలర్ మర వదులై ఎత్తు మారినట్టు. పాట సాగదీసినట్టు వినిపిస్తే టేపును ముందుకు లాగే పించ్ రోలర్ రబ్బరు గట్టిపడి జారుతున్నట్టు. క్యాసెట్ తీయగానే టేపు బయటికి వేలాడుతూ వస్తే, చుట్టవలసిన రీలు తిరగడం లేదని, అంటే బెల్టో ఐడ్లర్ రబ్బరో అరిగిందని అర్థం. వీటిలో చాలావాటికి మందు ఒక రబ్బరు ముక్క, ఒక చుక్క స్పిరిట్, ఒక స్క్రూడ్రైవర్ తిప్పు.

హెడ్డు తుడవడంలో మాత్రం చేతినేర్పు కావాలి. మెత్తటి తోలు గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, డ్రమ్ముకు ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరిగినట్టే. దూది వాడితే పోగులు చిక్కుకుంటాయి. మూతతీసి పరీక్ష చేసేటప్పుడు మరో తిరకాసు ఉంది. టేపు చివర అయిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం మధ్యలో ఒక చిన్న దీపం, రెండు పక్కలా వెలుతురును పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. టేపు రెండు చివర్లూ పారదర్శకంగా ఉంటాయి కాబట్టి, అక్కడికి రాగానే వెలుతురు సెన్సర్‌పై పడి యంత్రం ఆగిపోతుంది. మూత తెరిచి ఉన్నప్పుడు గదిలోని వెలుగు సెన్సర్ మీద పడితే మంచి వీసీపీ కూడా నడవనని మొరాయిస్తుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు అరపూట తల బద్దలుకొట్టుకునే చోట, అనుభవమున్న మేస్త్రీ సెన్సర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వేవాడు.

ఇంటి వీసీపీకి లేని జబ్బు వాహనంలోని వీసీపీకి ఇంకొకటి ఉంది: కరెంటు. ఇంటి యంత్రానికి 230 వోల్టుల ఏసీ కావాలి. వాహనం బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులో, పెద్ద బండి అయితే 24 వోల్టులో, అదీ డీసీ. మధ్యలో ఇన్వర్టర్ పెట్టక తప్పదు. 12 వోల్టుల బ్యాటరీ కూడా ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉంటుంది. స్టార్టర్ కొట్టగానే కిందికి పడుతుంది. ఆల్టర్నేటర్ మీద భారం ఒక్కసారిగా తప్పుకుంటే క్షణకాలం పైకి ఎగురుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ ముందు వీసీపీ విప్పడు. మీటరు పెట్టి వోల్టేజీ చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు కింద తుప్పు గీకి చూస్తాడు. ఆ తర్వాతే మూత మరలు విప్పుతాడు. పవర్ సప్లైలో వేడికి ఎండిపోయిన కెపాసిటర్ కనిపిస్తే, 85 డిగ్రీలది తీసి 105 డిగ్రీలు తట్టుకునేది వేస్తాడు. బండి ఎండలో నిలబడేదని అతనికి తెలుసు. ఆ యంత్రం రూపొందించిన ఇంజినీరుకు ఆ సంగతి పట్టలేదు.

ఇదంతా మన మెకానిక్‌ల మహిమ అని మురిసిపోతే సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగం ఆ యంత్రం కట్టుబడిలో ఉంది. 1976లో జపాన్ కంపెనీ జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్ అనే ఈ క్యాసెట్ పద్ధతిని ఆ కంపెనీ తన దగ్గరే దాచుకోలేదు. హిటాచీ, షార్ప్, అకాయ్, మత్సుషితా వంటి ఎన్నో కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది. మన దగ్గర ఏ క్యాసెట్ అయినా ఏ కంపెనీ యంత్రంలోనైనా నడిచింది. మరలు మామూలు స్క్రూడ్రైవర్‌కు ఊడేవి. కంపెనీలు సర్వీస్ మాన్యువల్ అచ్చువేసేవి. అందులో సర్క్యూట్ డయాగ్రమ్, ఏ చోట ఎంత వోల్టేజీ ఉండాలో అంకెలు ఉండేవి. బెల్టులు, రోలర్లు, హెడ్లు బజారులో విడిగా దొరికేవి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లు బతికింది ఇలా విడిగా దొరికిన భాగాల మీదే.

అమెరికాలో ఈ సరదా కాస్త ఆలస్యంగా, కార్ల కంపెనీయే బిగించి ఇచ్చేలా వచ్చింది. 1999లో జనరల్ మోటార్స్ వారి ఓల్డ్స్‌మొబైల్ సిల్హౌట్ ప్రీమియర్ అనే వ్యాన్ పైకప్పు నుంచి దిగే తెరతో, వీడియో క్యాసెట్ ప్లేయర్‌తో బయటికొచ్చింది. హైదరాబాద్‌లో తీసిన పెళ్లి క్యాసెట్‌ను అందులో పెడితే బొమ్మ పడేది కాదు. మన టీవీలది సెకనుకు 25 ఫ్రేములు, 625 గీతల పాల్ పద్ధతి. వారిది 525 గీతల ఎన్‌టీఎస్‌సీ. అయినా రెండు పద్ధతుల లెక్కలూ లోకానికి తెలిసినవే కాబట్టి, ఒకదాన్నుంచి ఇంకొకదానికి మార్చే యంత్రాలు వచ్చాయి. అమెరికాలోని తెలుగువారు క్యాసెట్లు మార్పించుకుని చూసుకున్నారు. తేడా ఉండటం పెద్ద ఇబ్బంది కాదు. తేడా ఏమిటో చెప్పకుండా దాచిపెడితేనే దారి మూసుకుపోతుంది.

దారి మూసుకుపోతే ఏమవుతుందో కూడా వీసీపీయే చూపించింది. ప్రపంచంలో చివరిదాకా వీహెచ్ఎస్ యంత్రాలను తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్. ఒకప్పుడు ఏటా కోటిన్నర యంత్రాలు అమ్మిన ఆ సంస్థ 2015లో ఏడున్నర లక్షలు అమ్మింది. 2016 జులైలో తయారీ ఆపేసింది. గిరాకీ తగ్గడంతో పాటు భాగాలు దొరకకపోవడాన్నీ కారణంగా చెప్పింది. చేసే కంపెనీకే భాగాలు దొరకని రోజు వస్తే, బాగుచేసే మనిషికి ఎక్కడ దొరుకుతాయి? ఇవాళ వీసీపీ బాగుచేయాలంటే చాలాసార్లు ఇంకో పాత వీసీపీని చంపి దాని భాగాలు తీయవలసిందే.

ఇప్పుడు ఈనాటి కారులోకి వద్దాం. పాటలు, దారి చూపే మ్యాపు, వెనక కెమెరా, కొన్ని కార్లలో ఏసీ మీట సైతం ఒకే తెరలో ఇరికించారు. ఆ తెర పోతే సినిమా ఒక్కటే పోదు. దీనికి తిరుగులేని ఉదాహరణ టెస్లా. 2012–2018 మోడల్ ఎస్, 2016–2018 మోడల్ ఎక్స్ కార్లలో మధ్య తెరను నడిపే కంప్యూటర్‌కు 8 జీబీ మెమరీ చిప్ పెట్టారు. కంప్యూటర్ ఆ చిప్ మీద రాస్తూ, చెరుపుతూ ఉండటంతో కొన్నేళ్లకే అది అరిగిపోయింది. తెర నల్లబడింది. వెనక కెమెరా, అద్దం మీది మంచు తొలగించే మీటలు దానితోపాటే పోయాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ గట్టిగా అడిగాక, 2021 ఫిబ్రవరిలో దాదాపు 1,35,000 కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. అంతకుముందే కొందరు బయటి మెకానిక్‌లు ఆ ఒక్క చిప్‌నే ఊడదీసి కొత్తది అతికించి కార్లు నడిపించారు. అరిగిన ఐడ్లర్ రబ్బరు మార్చిన మేస్త్రీ చేసిన పనీ ఇదే.

వీడియో కోచ్‌లో బొమ్మ ఆగితే బస్సు ఆగేది కాదు. ఇప్పుడు బొమ్మకు బండి పనులను కట్టేశారు. అలా కట్టేసినవారే విప్పే దారి కూడా చూపించాలి. జరుగుతున్నది వేరు. తెర పాడైందంటే షోరూమ్‌లో వినిపించే జవాబు తరచుగా ఒక్కటే: యూనిట్ మొత్తం మార్చాలి. బయటి మెకానిక్ పాత కారు నుంచి అదే యూనిట్ తీసి బిగించినా, చాలా మోడళ్లలో సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించదు. గుర్తించేలా చేసే పరికరం కంపెనీ చేతిలోనే ఉంటుంది.

ఈ సమస్య మన దేశంలో ఎవరికీ తెలియనిది కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, లోపాలు పసిగట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది ఆ తీర్పు సారాంశం. వ్యవహారం తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ పరిధిలోకి తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. 2025 మేలో మరో కమిటీ వస్తువు ఎంత సులువుగా బాగుపడుతుందో చెప్పే సూచికకు నమూనా ఇచ్చింది. అది మొబైల్, ఎలక్ట్రానిక్ పరికరాల గురించి. నాలుగు చక్రాల మీద తిరిగే అతి ఖరీదైన ఎలక్ట్రానిక్ పరికరానికి కూడా అలాంటి సూచిక కావాలి.

కంపెనీల అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిస్తే దొంగలకూ తెరిచినట్టే కదా, బ్రేకులతో ఎవరైనా ఆడుకుంటే బాధ్యత ఎవరిది అని వారు అడుగుతారు. బ్రేకులు, స్టీరింగ్, దొంగతనాన్ని అడ్డుకునే తాళం – వీటికి కట్టుదిట్టం ఉండవలసిందే. కానీ అదే సాకుతో తెరకు, మెమరీ చిప్‌కు, స్పీకర్‌కు తాళం వేయడం న్యాయం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కార్ల మరమ్మతు సమాచారం అందరికీ ఇవ్వాలా వద్దా అన్నదాన్ని 2012లోనూ, 2020లోనూ ఓటుకు పెట్టారు. రెండోసారి దాదాపు 75 శాతం మంది ఇవ్వాలన్నారు. కార్ల కంపెనీలు కోర్టుకు వెళ్లినా, జనం కోరిక ఏమిటో మాత్రం తేలిపోయింది.

మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చేస్తారు. బండికి ప్రభుత్వం ఇచ్చిన ఆయుష్షు అంత అయితే, అందులోని తెరకూ అన్నేళ్లు విడిభాగాలు అందించాలన్న షరతు పెట్టడం కష్టం కాదు. కంపెనీ ఒక మోడల్‌ను ఆపేసిన రోజున దాని సర్క్యూట్ డయాగ్రమ్, మరమ్మతు సాఫ్ట్‌వేర్ సరసమైన ధరకు అందరికీ అమ్మాలి. ఐటీఐల ఆటో ఎలక్ట్రికల్ కోర్సుల్లో ఈ తెరల మరమ్మతు చేతిపనిగా నేర్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా, వినియోగదారుల శాఖలు ఈ మూడు కోరికలనూ కేంద్రం ముందు పెట్టవచ్చు. కొనేవారి చేతిలోనూ కొంత ఉంది. షోరూమ్‌లో తెర ఎన్ని అంగుళాలని అడిగే ముందు, పదేళ్ల తర్వాత పాడైతే ఎవరు బాగుచేస్తారో, భాగం ధర ఎంతో అడిగి, ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.